చౌకయైన చేతులు

ఇద్దరు బేరమాడుకొనినప్పుడు ఒకనికి లాభము కలిగినచో రెండవవానికి నష్టము కలిగియే తీరవలెనను తలంపు మన జనసామాన్యమున మిక్కిలి గట్టిగా నాటుకొనియున్నది. అంగడివాడు మేడ కట్టెననిన కొనినవాడు మోసపోయెననియే మనము నిశ్చయించుకొందుము. ఈ తలంపును పరీక్షించుటకు పశ్చిమగోదావరి జిల్లాలోని పెనుగొండ తగిన చోటు. వాసవీ కన్యకాపరమేశ్వరి వెలసిన స్థలమగుటచే అది ఆర్యవైశ్యులకు పుణ్యక్షేత్రము; తరతరములుగా వర్తకమే వృత్తియైన సమాజమునకు అభిమానస్థానము. ఊరు దాటినంతనే కాలువనీటి వరిచేలు. అట్టి పల్లపుసీమలనుండి బియ్యము దూరప్రదేశములకు పోవుచుండగా, అచట సమృద్ధిగా పండని కందులును మిరపకాయలును మెట్టసీమలనుండి వచ్చుచుండును. ఇట్టి ఇచ్చిపుచ్చుకోలులో ఉభయులును లాభపడవచ్చునని అర్థశాస్త్రము చెప్పుచున్నది. ఆ మాట నిజము. అయితే ఆ నిజమును కొందఱు అన్యాయమునకు కవచముగా తొడుగుచున్నారు. నిజమును నిలుపుకొని ఆ కవచమును ఊడదీయుటయే మా ప్రయత్నము.

మొదట ఆ సిద్ధాంతమెట్టిదో చూతము. ఆంగ్లదేశపు అర్థశాస్త్రజ్ఞుడైన డేవిడ్ రికార్డో 1817 లో ప్రకటించిన గ్రంథమున దీనిని ఒక లెక్కతో వివరించెను. కొంత బట్టను నేయుటకు ఇంగ్లండులో ఏడాదికి నూరుగురు పనివారు కావలెను. కొంత ద్రాక్షసారాయమును చేయుటకు నూటయిరువదిమంది కావలెను. పోర్చుగలులో అంతే బట్టకు తొంబదిమందియు, అంతే సారాయమునకు ఎనుబదిమందియు చాలుదురు. రెండుపనులలోను పోర్చుగలుదే పైచేయి. అట్లయినచో పోర్చుగలు ఇంగ్లండుతో బేరమేల చేయవలెను? చేసినయెడల ఇద్దరికిని మేలే కలుగునని రికార్డో చూపెను. ఈ సిద్ధాంతమునకు తులనాత్మక లాభమని పేరు.

దూరదేశపు లెక్క మనస్సున కెక్కకపోయిన మన జిల్లాలలోని లెక్కనే వేసికొందము. ఒక డెల్టా గ్రామమును ఒక మెట్ట గ్రామమును ఊహింపుడు. డెల్టావారు తమ శ్రమనంతయు వరిమీదనే పెట్టినచో నలువది బస్తాల బియ్యమును, కందులమీదనే పెట్టినచో ఇరువది బస్తాల కందులను పండింతురనుకొందము. మెట్టవారు బియ్యమైనను పది బస్తాలే, కందులైనను పది బస్తాలే పండింపగలరు. చూపునకు మెట్టవారు రెండింటను వెనుకబడినవారే. కాని డెల్టావారు ఒక బస్తా కందులు కావలెననిన రెండు బస్తాల బియ్యమును వదలుకొనవలెను; మెట్టవారు ఒక బస్తా బియ్యమును వదలుకొనిన చాలును. కావున కందులు మెట్టవారికే చౌక.

ఇరువురును తమ శ్రమను చెరిసగముగా పంచుకొనినచో డెల్టాలో ఇరువది బస్తాల బియ్యమును పది బస్తాల కందులును, మెట్టలో అయిదేసి బస్తాలును పండును. మొత్తము బియ్యము ఇరువదియైదు, కందులు పదునైదు. ఇక మెట్టవారు కందులే పండించి, డెల్టావారు కందులను అయిదు బస్తాలకు తగ్గించి తక్కిన శ్రమను వరిమీద పెట్టినచో కందులు పదునైదే యుండగా బియ్యము ముప్పదియగును. ఎవరును అదనముగా చెమటోడ్చలేదు; అయిదు బస్తాల బియ్యము మాత్రము పెరిగినది. బస్తా కందులకు బస్తాన్నర బియ్యము చొప్పున మారకము జరిగినచో మెట్టవారు అయిదు బస్తాల కందులనిచ్చి ఏడున్నర బస్తాల బియ్యమును తెచ్చుకొందురు. డెల్టావారికి ఇరువదిరెండున్నర బస్తాల బియ్యము మిగులును. ఇరువురికిని మునుపటికంటె రెండున్నర బస్తాలు హెచ్చు. ఇందు మోసము లేదు, దానము లేదు. పనిని పంచుకొనుటవలన కలిగిన ఫలము మాత్రమే యున్నది.

ఇందలి కీలకము వదలుకొనినదాని విలువ. దీనిని అవకాశ వ్యయమందురు. ఒక పనికి మనము నిజముగా చెల్లించు మూల్యము చేతినుండి పోయిన రూపాయలు మాత్రమే కాదు. ఆ కాలములో చేయగలిగియు చేయక విడిచిన రెండవపని కూడ ఆ మూల్యములోనిదే. పై లెక్కలోని డెల్టా గ్రామమునకు ఒక కాగితముపై నిలువున బియ్యమును అడ్డముగా కందులను గుర్తించి, నలువది నుండి ఇరువదికి ఒక గీత గీయుడు. అదియే ఉత్పత్తి అవకాశ రేఖ. గీతకు లోపల నున్నచో శక్తి వృథాయగుచున్నదన్నమాట. గీతమీద నున్నచో ఒకటి పెంచుటకు మఱియొకటి తగ్గింపక తప్పదు. గీతకు వెలుపలనున్నది కోరదగినదే గాని అందదు.

పాఠశాలలలో ఈ గీతను చూపునప్పుడు అది భూమ్యాకాశములవలె ముందే యున్నట్లుగా చూపుదురు. దానిని గీసినది ఎవరను ప్రశ్న పుట్టదు. గోదావరి డెల్టా చరిత్రను ఎఱిగినవారికి ఆ ప్రశ్న పుట్టకమానదు. 1832-33 నాటి నందన కరవులో గోదావరి నిండుగా సముద్రమునకు పాఱుచున్న ఈ ప్రాంతమే అన్నమో రామచంద్రాయని అలమటించినది. నేల ఆ నేలయే, నీరు ఆ నీరే. నీటిని నేలమీదికి మళ్లించు ఉపాయము లేకపోయెను. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున 1847 లో ధవళేశ్వరమువద్ద ఆనకట్టపని మొదలై 1852 లో ముగిసెను. కాలువలు పాఱినపిమ్మట ఇదే సీమ అన్నపూర్ణయని పేరొందెను. ఆ పాత ఆనకట్ట స్థానమున 1982 నాటికి కొత్త బరాజు పూర్తియై కాటన్ పేరనే నిలిచియున్నది. నేడు పెనుగొండవంటి ఊళ్లకు వరియందు తులనాత్మక లాభము కలదని మనము చెప్పుకొనుచున్నాము. ఆ లాభము పుట్టుకతో వచ్చినది కాదు. సున్నముతో రాతితో కట్టబడినది. గీతను మనుష్యుడు జరుపగలడనుటకు మన కాలువగట్లే సాక్ష్యము.

నేలవిషయమున ఒప్పుకొను ఈ మాటను మనుష్యులవిషయమున ఒప్పుకొనుటకు మనము వెనుదీయుచున్నాము. గాడిదపని గాడిదయు కుక్కపని కుక్కయు చేయవలెనను నీతికథను మన పిల్లలకు ముచ్చటగా చెప్పుచుందుము. జంతువులకు ఆ నీతి తగునేమో కాని దానిని మనుష్యులకు అన్వయించి, కులవృత్తులు కూడ శ్రమవిభాగమే కదా, పూర్వులు రికార్డోకంటె ముందే యీ రహస్యమును కనుగొనిరని వాదించువారు కలరు. ఈ వాదమున ఒక పెద్దలోపమున్నది. తులనాత్మక లాభమనగా పోల్చి చూచినపిమ్మట తేలు లాభము. పోల్చుటకు రెండుపనులును ఆ మనుష్యుని యెదుట తెఱచియుండవలెను. మెట్టవాడు వరియు కందియు రెండును వేసి చూచినవాడగుటచేతనే కందులు తనకు చౌకయని తెలిసికొనెను. చర్మకారుని కుమారుని బడిగుమ్మములోనికే రానీయక, వానికి చెప్పులు కుట్టుటయే తగిన పనియనుట లెక్క వేయకుండగనే జవాబును వ్రాయుటవంటిది. పనిని పంచుట వేఱు, పనివారిని విడదీసి మెట్లవలె పేర్చుట వేఱని అంబేడ్కరు 1936 లోనే హెచ్చరించెను. మొదటిదానినే అర్థశాస్త్రము సమర్థించును. రెండవదానికి ఆ శాస్త్రమునందు చోటు లేదు.

ఇది దూరపు సంగతి కాదు. పెనుగొండకు దక్షిణముగా పాలకొల్లు దాటి నరసాపురము చేరినచో లేసు అల్లికలకు లోకప్రసిద్ధమైన ప్రాంతము వచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ విద్య చుట్టుపట్ల గ్రామములలోని వేలకొలది ఇండ్లకు వ్యాపించెను. సన్నని దారమును చిన్న కొక్కెపుసూదితో అల్లి స్త్రీలు పువ్వులు తీర్తురు. ఒకరు అల్లిన పువ్వులను మఱియొకరు అతుకుదురు. వర్తకులు వానిని పోగుచేసి విదేశములకు పంపుదురు. 2024 లో ఈ అల్లికకు భౌగోళిక గుర్తింపు లభించినది. పైనుండి చూచువానికి ఇది తులనాత్మక లాభమునకు చక్కని ఉదాహరణముగా కనబడును. అచట చేతులు చౌక, ఐరోపాలో చేతులు ప్రియము. కాబట్టి లేసు అచటినుండి ఇటకు గాక ఇటనుండి అచటికి పోవుచున్నది.

ఆ చేతులు ఏల చౌకయైనవని విచారించినవారు కొలదిమంది. అట్లు విచారించినవారిలో జర్మను దేశపు సమాజశాస్త్రవేత్త మారియా మీస్ ఒకరు. ఆమె నరసాపురపు ప్రాంతమునకు వచ్చి అల్లికపని చేయు స్త్రీలతో మాటలాడి 1982 లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఇంటిపని ముగించి దినమునకు అనేక గంటలు సూది విడువని ఆ స్త్రీలకు దక్కుచున్నది పొలములో పనిచేయు స్త్రీల కూలికంటెను తక్కువయని ఆమె చూపెను. ఇంత తక్కువకు వారేల ఒప్పుకొనిరి? వారిలో పలువురు ఘోషా పాటించు కుటుంబములవారు. పొలముపనికి పోవుట పరువుతక్కువ. చదువు లేదు గనుక మఱియొక కొలువు లేదు. సరకును అమ్ముకొనుటకు బజారునకు పోరాదు. ఆ పని మగవారిది. ఇక వారు చేయునది పనియనియే ఎవరును తలపలేదు. ఇంటిలో ఊరకే కూర్చుండుటకంటె నాలుగు పువ్వులు అల్లుకొనినచో మేలుకదా యని ఇంటివారనిరి; తీరిక వేళ కాలక్షేపమని వర్తకులనిరి; తుదకు ఆ స్త్రీలును తాము పనివారము కామని, గృహిణులమని చెప్పుకొనిరి.

ఇప్పుడు మన లెక్కను మరల చూడుడు. లేసు అల్లు స్త్రీ యొక్క అవకాశ వ్యయము తక్కువ. ఏలయన ఆమె వదలుకొనుటకు రెండవపని లేదు. ఆమెకు రెండవపని లేకపోవుట ఆమె వ్రేళ్ల గుణము కాదు. ఆమె చుట్టును మూసిన తలుపుల గుణము. పొలపు తలుపును పరువు మూసినది, బడి తలుపును తండ్రి మూసినాడు, బజారు తలుపును ఆచారము మూసినది. అన్ని తలుపులును మూసి, మిగిలిన ఒక్క కిటికీవద్ద ఆమె కూర్చుండగా, చూచితిరా, ఈమెకు కిటికీవద్ద కూర్చుండుటయందు ఎంతటి ప్రావీణ్యమో యని మెచ్చుకొనుచున్నాము. సిద్ధాంతము తప్పు చెప్పలేదు. ఉన్న గీతలలో ఏది చౌకయో అదియే చెప్పినది. గీత అట్లేల ఉన్నదని అది అడుగలేదు. అడుగుట దాని పని కాదు. ఆ ప్రశ్న నీతికి సంబంధించినది, మనకు సంబంధించినది.

ఇచట ఒక సమాధానము వినబడును. ఆ లేసుపని కూడ లేనియెడల ఆ యిండ్లు ఇంకను బీదవై యుండెడివి; దొరకిన నాలుగు డబ్బులతో పిల్లలకు పుస్తకములు వచ్చినవి, కష్టకాలమున పొయ్యి వెలిగినది; అట్టి పనిని దూషించుట న్యాయమా? ఈ మాటను మేము తేలికగా త్రోసివేయము. బేరమువలన ఆ స్త్రీకి కొంత మేలు కలిగినదనుట నిజము. కలుగకపోయినచో ఆమె సూదిని పట్టియే యుండదు. ఆ పనిని మాన్పుమని మేము కోరము. అంతటి సున్నితమైన విద్య మాసిపోవుట దేశమునకు నష్టము. కాని మేలు కలిగినదనుట ఒకటి, న్యాయము జరిగినదనుట మఱియొకటి. నూతిలో పడినవానికి త్రాడు అందించి, పైకి వచ్చినపిమ్మట వాని కష్టార్జితమున ముప్పాతికవంతు తీసికొనువాడును వానికి మేలు చేసినవాడే. నూతికి వరలు కట్టింపని ఊరిపెద్దలు ఆ మేలును చూపి తమ బాధ్యత తీరినదనుకొనరాదు.

కాబట్టి న్యాయమైన శ్రమవిభాగమునకు మేము ఒక పరీక్షను చెప్పుదుము: ఆ పనిని చేయువారు దానిని విడిచిపోగలరా? పోగలిగియు నిలిచినచో అది వారి నిజమైన తులనాత్మక లాభము. పోలేక నిలిచినచో అది వారి నిర్బంధము. బయట మఱియొక పని దొరకునని తెలిసిన దినముననే లేసు ధర పెరుగును. దానికి ధర్మోపన్యాసములు అక్కఱలేదు. చదువుకొనిన కూతురు సూదిపట్టిన ఇంటిలో వర్తకుడు కూలిని లెక్కగట్టి చెప్పవలసివచ్చును. తలుపు తెఱచియుండుటయే లోపలనున్నవారికిని విలువ తెచ్చును.

ధవళేశ్వరము మనకు ఈ విషయమున రెండు పాఠములను చెప్పుచున్నది. ఆనకట్ట కట్టిన ఆ యూరనే 1874 లో కందుకూరి వీరేశలింగము బాలికాపాఠశాలను స్థాపించెను. మొదటి కట్టడము నేలయొక్క గీతను జరిపినది. రెండవది మనుష్యులయొక్క గీతను జరిపినది. మొదటిదానివలన కలిగిన ఫలమును బస్తాలతో కొలిచి మనము గర్వపడుదుము. రెండవదాని ఫలమును కొలువ ప్రయత్నించినవారు అరుదు. అయినను ఈ రెండింటి ధర్మము ఒక్కటియే: ఇప్పుడు ఎవరికి ఏది చౌకయో చూచి అంతటితో తృప్తిపడక, రేపు ఏది సాధ్యము కాగలదో దానికి మూలధనమును పెట్టుట.

మన యిండ్లలో ఈ లెక్క దినదినమును తప్పుగా వేయబడుచున్నది. అబ్బాయికి లెక్కలు వచ్చును, అమ్మాయికి వంట వచ్చును. కనుక అబ్బాయిని పట్నపు కళాశాలకు పంపి అమ్మాయిని ఇంట నుంచుదమని తల్లిదండ్రులందురు. అమ్మాయికి లెక్కలేల రావనిన, చిన్ననాటనుండియు ఆమెచేత వంటయే చేయించితిమి కదా! చదివింపలేదు గనుక వంటకు తగినది. వంటకు తగినది గనుక చదివింపనక్కఱలేదు. ఇట్టి తర్కము గానుగెద్దు నడకవంటిది. ఎంత నడచినను గానుగచుట్టే. నేటి ఇండ్లలో బాలికలును చదువుచున్నారనుట సంతోషకరమే. అయినను ఉద్యోగము చేయు కోడలు సాయంకాలము ఇల్లు చేరగనే వంటింటికే పోవలెననియు, పత్రిక చదువు కుమారుని కదలింపరాదనియు తలచు అత్తగార్లు ఇంకను కలరు. కోడలు వంట బాగుగా చేయునని వారు కారణము చెప్పుదురు. అబ్బాయిచేత ఒక్కనెల చేయించి పిమ్మట పోల్చి చెప్పిన బాగుండును.

మఱియొక బాధ్యతయు కలదు. గీత జరిగినప్పుడెల్ల కొందఱు నష్టపడుదురు. నరసాపురము చెంతనే మాధవాయపాలెమను ఊరుండెను. ఆంగ్లేయుల కంపెనీ అచట బట్టలకొఱకు వర్తకస్థానమును నెలకొల్పినది. ఆ యూరిపేరు అపభ్రంశమై మడపొల్లామను బట్టపేరుగా ఇంగ్లీషు నిఘంటువుల కెక్కినది. యంత్రపు నూలుబట్టలు వచ్చినపిమ్మట ఆ బట్టను ఆ పేరుతోనే ఇంగ్లండులోని మిల్లులు నేసినవి. బట్ట చౌకయై కొనువారికి లాభము కలిగినది. మగ్గము ఆగిన సాలెవానికి ఆ లాభములో పాలు పంచినవారు లేరు. ఆ లాభమైనను కేవలము నైపుణ్యమువలననే కలిగినది కాదు. అంతకుముందు 1700, 1721 సంవత్సరములలో భారతదేశపు అద్దకపు బట్టలను ఇంగ్లండు చట్టములతోనే అడ్డుకొనియుండెను.

నేడు అదే కథ వరిచేలకును చేపల, రొయ్యల చెఱువులకును నడుమ నడచుచున్నది. ఎకరమునకు వరికంటె రొయ్యయే హెచ్చు తెచ్చునని డెల్టా రైతులు అనేకులు చేలను చెఱువులుగా త్రవ్విరి. వరిలో గిట్టుబాటు లేక 2011 లో కోనసీమ రైతులు సార్వాపంటనే విరమించిరనుట మఱచిపోరాదు. కావున చెఱువు త్రవ్విన రైతును నిందింప మాకు నోరురాదు. కాని ఉప్పునీరు గట్టుదాటి ప్రక్కచేనిలోనికి ఊరినప్పుడు ఆ పొరుగువాని గీత వాని అనుమతిలేకయే లోపలికి జరిగినది. నాట్లు వేసి, కలుపు తీసి బ్రదుకు స్త్రీలకు చెఱువుగట్టుమీద అంత పని లేదు. అమెరికా 2025 ఆగస్టులో మన సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచినప్పుడు రొయ్యల రైతులకును తమ లాభము ఎంతటి సన్నని త్రాటిమీద వ్రేలాడుచున్నదో తెలిసివచ్చినది. మొత్తముమీద లాభమే కదా యని తేల్చుట చాలదు. మొత్తమునకు ముఖము లేదు, ఆకలి లేదు, అవి మనుష్యులకున్నవి. లాభము నిజముగా నష్టమును మించినచో, లాభపడినవారు నష్టపడినవారికి కొంత యిచ్చియు మిగుల్చుకొనగలరు. ఈయగలిగియు ఈయకపోవుటను అర్థశాస్త్రము నేర్పలేదు. అది మన లోభమే.

చదువరులారా, శాస్త్రమును విడువుమని మేము చెప్పము. దానిని సగము చదివి విడువవలదని మాత్రమే కోరుదుము. మీ యింటిలోనో ఊరిలోనో ఫలానివారికి ఫలాని పనియే తగునని ఎవరైనను అనినప్పుడు మూడు ప్రశ్నలడుగుడు. వారికి రెండవపని నేర్పి చూచితిరా? ఈ పనిని విడిచిపోవుటకు వారికి దారి కలదా? మీకు కలిగిన మిగులులో వారి పాలు ఎంత? ఈ మూడింటికిని ధైర్యముగా బదులు చెప్పగలిగినచో ఆ పంపకము తులనాత్మక లాభమే; మనసారా ఒప్పుకొనుడు. చెప్పలేనిచో ఆ చేతులు చౌకగా పుట్టలేదు, మనము చౌకచేసితిమి.